భుజానికి తెలిసేది

అన్యాయం జరిగింది నాంచారికి. జరిగింది పందొమ్మిది వందల ఎనభై మూడు సెప్టెంబరులో, బందరులో, తోటి పిల్లలందరూ చూస్తుండగా. మూడేళ్ళుగా మనుషుల పిరమిడ్ కొసన నిలబడుతున్న పిల్లని, ఆట నేర్పే ఉస్తాదమ్మ ఒక్క మాటతో నేలమీదికి దించేసింది.

"రేపట్నించి నువ్వు కింద నిలబడు. పైకి వకుళ ఎక్కుతుంది."

ఎందుకో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆ ఎండాకాలం సెలవుల్లో నాంచారి తాడిలా ఎదిగిపోయింది. వాళ్ళమ్మ గౌను అంచు ఊడదీసి కుట్టినా మోకాళ్ళు దాగడం లేదు. కానీ పదిహేనేళ్ళ పిల్ల ఆ సంగతి ఒప్పుకుంటుందా? వకుళ ఉస్తాదమ్మకి లడ్డూలు తెచ్చిపెట్టి మంచి చేసుకుందని ఊళ్ళో సగం మందికి చెప్పుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఈ ఆటని చీర్‌లీడింగ్ అంటున్నారు. మెత్తటి పరుపులు, మార్కులేసే జడ్జీలు, పక్కనే అంబులెన్సు. ఆ మాట చెవినపడగానే క్రికెట్లో ఫోరు కొట్టినప్పుడు గెంతే పిల్లలు గుర్తొచ్చి వెకిలిగా నవ్వే మగమహారాజులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళని ఒక్కసారి ఇంకో మనిషిని భుజాల మీద నిలబెట్టుకుని, మొహం చిట్లించకుండా, పాట అయ్యేదాకా ఉండమనండి. ఆ నవ్వు ఎటు పోతుందో చూద్దాం. అప్పట్లో మా బందరులో దీనికి పేరే లేదు. "మొగ్గలేసే పిల్లలు" అనేవాళ్ళు, అదీ మూతి తిప్పి.

ఉస్తాదమ్మ అసలు పేరు దస్తగిరమ్మ. వయసులో ఉన్నప్పుడు సర్కస్‌లో పల్టీలు కొట్టింది. మోకాలు పాడయ్యాక ఊరికి తిరిగొచ్చి, పాడుబడ్డ ఉప్పు గోడౌనులో ఆడపిల్లలకి కసరత్తులూ మొగ్గలూ నేర్పే తాలింఖానా పెట్టింది. మగపిల్లల తాలింఖానాకి దసరాకి చందాలొచ్చేవి. ఈవిడకి మాటలొచ్చేవి. "ఆడపిల్లలకి గంతులేంటమ్మా, కాలో చెయ్యో విరిగితే ఎవడు చేసుకుంటాడు?" అని ఒకాయన పనిగట్టుకుని వచ్చి అడిగాడు.

"నువ్వు చేసుకోవుగా? చాల్లే నాయనా, పిల్లలు బతికిపోతారు" అని మంచినీళ్ళిచ్చి మరీ పంపించింది.

ఆ గోడౌను ఇప్పుడు లేదు. ఉంటే నాంచారి కళ్ళు మూసుకుని నడిచిపోగలదు. కొబ్బరిపీచు కూరిన గోనెసంచులే పరుపులు. తలుపు సందుల్లోంచి సముద్రపు గాలి. చెమట, కొబ్బరినూనె, గోడల్లో ఇంకిపోయిన ఉప్పు, అన్నీ కలిసి ఒక వాసన. ఈనాటికీ వానాకాలం సాయంత్రం ఉప్పుగాలి మొహానికి తగిలితే ఆమెకి ముందు భుజాలు గుర్తొస్తాయి.

వెనక గోడ మీద బొగ్గుతో రాసిన పేర్లుండేవి, పక్కన తారీఖులు. పైకెక్కినవాళ్ళ పేర్లు కావు. మొదటిసారి ఇంకొకర్ని మోసి నిలబడినవాళ్ళవి. ఎవరు నిలబడితే వాళ్ళ పేరు ఉస్తాదమ్మ అప్పటికప్పుడు రాసేది.

"పాపం, కిందున్నవాళ్ళ మొహాలు ఫోటోలో పడవు కదే. అందుకని గోడెక్కిస్తోంది" అని నాంచారి వకుళ చెవిలో ఊది కిసుక్కున నవ్వేది.

సువార్త పేరు ఆ గోడ మీద ఎప్పుడో ఉంది. ఆ మూడేళ్ళూ నాంచారి నిలబడింది సువార్త భుజాల మీదే. నోట్లో నాలుక ఉందా లేదా అన్నట్టుండే పిల్ల. కిందటేడు గుంటూరు పోటీల్లో పిరమిడ్ కూలిపోయినప్పుడు నాంచారి లేస్తూనే "సువార్త కదిలింది" అంది. టీమంతా సువార్తని తిట్టిపోసింది. సువార్త కాదనలేదు. పేపరాయన వచ్చి పడ్డావు కదా భయమెయ్యలేదా అనడిగితే నాంచారి నడుమ్మీద చేతులేసుకుని "భయమంటే నాకు తెలీదండీ" అని చెప్పింది. అదే అచ్చయింది, ఫోటోతో సహా.

ఉస్తాదమ్మ కిందికి దించేసిన మర్నాడు నాంచారి జడలకి రిబ్బన్లు లేకుండా వచ్చింది. రిబ్బను లేకుండా తాలింఖానాలో అడుగుపెట్టడమంటే ఆట ఆడనని చెప్పడమే.

"నేను మానేస్తున్నానండీ. మొయ్యడానికి మనుషులు కావాలంటే స్టేషన్లో కూలీలుంటారు, పిలిపించుకోండి."

పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఏలూరు పోటీలు ముంచుకొస్తున్నాయి. సువార్తకి జోడీగా కింద నిలబడేంత పొడుగున్న పిల్ల ఇంకొకతి లేదు. నాంచారి పోతే టీము వెళ్ళదు. ఆ సంగతి తెలిసే అంది ఆ మాట.

ఉస్తాదమ్మకి కోపం రాలేదు. వచ్చుంటే బావుండేదని నాంచారికి తర్వాత అనిపించింది.

"సరే పో. పోయేముందు ఒక్క పని చేసిపెట్టు. ఇలా వచ్చి నిలబడు."

"ఎందుకు?"

"నేనెక్కుతాను."

చెప్పులు విడిచి, చీర గోచీ పోసి బిగించుకుంది. పిల్లలు గొల్లుమన్నారు. "వద్దు ఉస్తాదమ్మా! మీ మోకాలు!"

"మోకాలు నాది. అరుపులు మీకెందుకే? సువార్తా, వెనకాల నువ్వుండు."

సువార్త చేతులు చాచి వెనక నిలబడింది. నాంచారి మోకాళ్ళు వంచి కూచున్నట్టు నిలబడింది. ముసలావిడ తొడ మీద ఒక కాలు, భుజం మీద ఇంకో కాలు వేసి, ఊఁ అని ఒక్క మూలుగుతో పైకి లేచింది. ఎండు కొబ్బరిమట్టంత బరువు కూడా లేదు. నాంచారి ఆవిడ పిక్కలు పట్టుకుని మెల్లిగా నిటారుగా లేచింది.

"అబ్బ, ఎంత నవ్వుతోందో చూడవే!" అంటోంది వకుళ. "చేతులు చూడు, అచ్చం సర్కస్ రాణిలాగే!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాంచారికి ఆ నవ్వు కనపడదు. కిందున్నవాళ్ళు తల ఎత్తకూడదు. ఆమెకి దొరికింది రెండు పాదాలు మాత్రమే.

పాదాలు చల్లగా ఉన్నాయి. చెమటతో తడిసి ఉన్నాయి. వేళ్ళు భుజంలోకి కాకిగోళ్ళలా దిగబడుతున్నాయి. ఎడమ మడమ కుట్టుమిషనులా ఆడుతోంది.

"ఉస్తాదమ్మా," నాంచారి గొంతు తగ్గించింది, "భయమేస్తోందా?"

"ఎవరే అంది? నా మొహం చూసి చెప్పమను."

"నవ్వుతోందే బాబూ!" అని అరిచారు పిల్లలు.

నాంచారి ఎవరూ చెప్పకుండానే పిక్కల మీద పట్టు బిగించింది. కాసేపటికి మడమ ఆడడం తగ్గింది. తర్వాత ఆగింది.

ఉస్తాదమ్మ దిగి, గోనెసంచి మీద కూలబడి, చెంబెత్తి నీళ్ళు తాగింది. మోకాలు రాసుకుంటూ గుమ్మం వైపు చూస్తూ కూచుంది. వెళ్తానన్న పిల్లని వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

నాంచారి సువార్త వైపు తిరిగింది.

"నావి కూడా అలాగే..."

"ఊఁ."

"ఎప్పుడైనానా?"

"ఎక్కినప్పుడల్లా."

"గుంటూర్లో?"

"ఎడమకాలు జారింది నీది. ఆపుదామని చూశా. అందలా."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేంటే?"

"చెప్తే మళ్ళీ ఎక్కేదానివా?"

తలుపు గాలికి కిర్రుమని మూసుకుని మళ్ళీ తెరుచుకుంది. నాంచారి తన జడ కొస పట్టుకుని, ఏదో వెతుక్కుంటున్నట్టు దాన్నే తడుముతూ నిలబడింది. సువార్త తన రెండు జడల్లో ఒకదాని రిబ్బను లాగి ఆమె చేతిలో పెట్టింది.

"రావే వకుళా," అంది ఉస్తాదమ్మ.

వకుళ గెంతుకుంటూ వచ్చింది. తొడ మీద కాలేసి, భుజమెక్కి, అందరికీ వినపడేలా అరిచింది. "నాకేం భయం లేదు, తెలుసా!"

చిన్న పాదాలు. మంచినీళ్ళ కుండకి చెమ్మ పట్టినట్టున్నాయి. పదివేళ్ళూ ఎముకని పట్టుకుని వేలాడుతున్నాయి. పిల్లలంతా నాంచారి మొహంలోకి చూస్తున్నారు, ఏమంటుందా అని.

"అవునే, దీనికి భయమే లేదు," అంది నాంచారి గట్టిగా. పిక్కలు గట్టిగా పట్టుకుంది.

వెనకాల ఉస్తాదమ్మ లేచిన చప్పుడు, కుంటుకుంటూ నడిచిన చప్పుడు. తర్వాత గోడ మీద బొగ్గు గీసుకుంటున్న చప్పుడు. నాంచారి తల తిప్పలేదు. వకుళ దిగి, ఊపిరి పీల్చుకుని, నవ్వుతూ అటు పరిగెత్తాక అప్పుడు తిరిగి చూసింది.

సువార్త పేరు పక్కన కొత్తగా, ఇంకా పొడి రాలుతూ:

నాంచారి, 11-9-1983.