గవరయ్య పడవలో తోకబల్ల

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక మడ అడవి ఉండేది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువల్లో ఉప్పెక్కి చేపలన్నీ లోతుకి పోయాయి. మడవేళ్ల మధ్య కూర్చుని పంజాతో నీళ్లు తట్టి చేపను రప్పించే బావురుపిల్లులు కూడా పూటకో పీతతో సరిపెట్టుకునే రోజులొచ్చాయి.

సరిగ్గా అప్పుడే నక్క గవరయ్య ఒక పడవ సంపాదించాడు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగే ఓపిక ఎవరికీ లేదు. ఇది పొత్తు వేట అన్నాడు గవరయ్య. గేలం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. పడవా, ఎరా, దారీ తనవి. తెల్లవారగానే మొగ దాటించి, వంజరాలూ పండుగప్పలూ తిరిగే చోటుకి తీసుకుపోతాడు. దొరికినదాంట్లో సగం పట్టినవాళ్లకి, సగం పడవకి.

తెడ్లు వెయ్యడానికి జోడెద్దుల్ని కుదుర్చుకున్నాడు. వాటి పేర్లు మైలడు, పుల్లడు. పదేళ్లు నాగలి లాగినవి. ముందుకు తిరిగి నిలబడి తెడ్డు తొయ్యడం, వెనకనుంచి వచ్చే గొంతు చెప్పినట్టు చెయ్యడం వాటికి వచ్చు. వెనక్కి తిరిగి చూడ్డం రాదు. తెరచాప కొయ్య చివర తాటాకు బుట్టలో ఒక గోరింకను కట్టేశాడు. ఒడ్డు ఎటుందో చెప్పే పిట్ట అన్నాడు.

పడవ ఎక్కేవాళ్లకి గవరయ్య పెట్టిన కట్టుబాటు ఒక్కటే. మొగ దాటగానే మంచు కమ్ముతుంది. పక్క బల్ల మీదివాళ్లు కూడా కనబడరు. అప్పుడెవరూ తమ బల్ల వదలకూడదు. గవరయ్య ‘ఉన్నారా’ అని పిలుస్తాడు. ముందు బల్ల నుంచి వరసగా అందరూ ‘ఉన్నా’ అనాలి. ఒక్క గొంతు తగ్గినా పడవ ఆపి వెతుకుతారు. ఈ మాట వినే చాలామంది ధైర్యం చేసి ఎక్కారు.

బావురుపిల్లి నూకాలు తమ్ముడు గంగులు కూడా అలాగే ఎక్కాడు. తిరిగి రాలేదు.

నూకాలు ఆ రోజు పడవలో వెళ్లినవాళ్లందర్నీ అడిగింది. అందరూ ఒకే మాట చెప్పారు. సరంగు గవరయ్య నాలుగుసార్లు పిలిచాడు, నాలుగుసార్లూ మీవాడు పలికాడు, మా చెవులతో విన్నాం అన్నారు. వచ్చేటప్పుడు ఇసుక తిన్నె దగ్గర దిగిపోయాడట, అక్కడే బాగుందన్నాడట. నూకాలు ఈదుకుంటూ తిన్నె మీదికి పోయి చూసింది. పీతల అడుగులున్నాయి. పిల్లి అడుగు ఒక్కటీ లేదు. మూడు రోజులు చూసి, నాలుగోనాడు గేలం చుట్టుకుని గవరయ్య పడవ దగ్గరికి వచ్చింది.

“రా చెల్లెమ్మా. మీ తమ్ముడు మంచి వేటగాడు. నీకు ముందు బల్ల ఇస్తాను,” అన్నాడు గవరయ్య.

ఆ రోజు ఎక్కినవాళ్లు ముగ్గురే. ముందు బల్ల మీద నూకాలు. నడిమి బల్ల మీద అడవిపంది గున్నయ్య. ఇతను ప్రతి వేటకీ వస్తాడు, ఎంత తిన్నా బుట్టలో ఇంకా చోటుందంటాడు. చివర, చుక్కాని పక్కన, తోకబల్ల మీద ముంగిస సూరన్న. అక్కడ చేప బాగా పడుతుందని గవరయ్యే అతన్ని అక్కడ కూర్చోబెట్టాడు. సూరన్న వసపిట్ట. పడవ కట్టుతాడు విప్పేలోపు తన పెళ్లి ఎలా జరిగిందో, పెళ్లిలో మావగారు పాము విషయంలో ఎలా మాట తప్పాడో ఎద్దులకి పూర్తిగా చెప్పేశాడు.

మొగ దాటారు. మంచు దిగింది.

అది మామూలు మంచు కాదు. మీసాల మీద బరువుగా కూర్చుంది. నూకాలుకి తన పంజా తనకే కనబడలేదు. తెడ్ల చప్పుడు కూడా ఎక్కడో వేరే పడవలోంచి వస్తున్నట్టుంది.

“ఉన్నారా?” అన్నాడు గవరయ్య.

“ఉన్నా,” అంది నూకాలు.

“ఉన్నా,” అన్నాడు గున్నయ్య నములుతూ.

“ఉండక ఎక్కడికి పోతాను మావా, చుట్టూ నీళ్లేనాయె,” అన్నాడు సూరన్న. “ఈదడం వస్తే మా మావగారింటికే పోదును.” గున్నయ్య ఫక్కున నవ్వాడు. సూరన్న అంతటితో ఆగక, ఆ మావగారి కథ మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు.

కథ పాము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. టక్కుమని కర్ర జారిన చప్పుడు. తర్వాత నీళ్లలో ఏదో పడింది, పెద్ద చేప తిరగబడినట్టు. అంతే.

నూకాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

“ఉన్నారా?” అన్నాడు గవరయ్య నింపాదిగా.

“ఉన్నా,” అంది నూకాలు. “ఉన్నా,” అన్నాడు గున్నయ్య.

“ఉన్నా,” అంది సూరన్న గొంతు.

నూకాలుకి వెన్ను మీది జుట్టు లేచింది. గొంతు సూరన్నదే, సందేహం లేదు. కానీ పొద్దుట్నుంచీ సూరన్న ఒక్క మాటతో ఏ జవాబూ చెప్పలేదు. పైగా ఆ గొంతు వెనకనుంచి రాలేదు, పైనుంచి వచ్చింది.

ఆలోచించే వ్యవధి లేకుండా చేపలు వచ్చాయి. కింద ఏదో పెద్దది చుట్టూ తిరుగుతూ అదిలిస్తున్నట్టు మందలు మందలుగా పడవ అంచుకి వచ్చి గుద్దుకున్నాయి. గేలం వెయ్యక్కర్లేదు, పంజా పెడితే చాలు. గున్నయ్య గుర్రుమంటూ బుట్ట నింపుకుంటున్నాడు. వెనకనుంచి సూరన్న గేలం నీళ్లలో పడిన చప్పుడు మాత్రం రాలేదు.

“సూరన్న పట్టడం లేదేం?” అని నూకాలు గుసగుసగా అడిగింది.

“ఎవరి బుట్ట వాళ్లు చూసుకో పిల్లా,” అన్నాడు గున్నయ్య. “పలికాడుగా.”

గవరయ్య మూడోసారి పిలిచాడు. నూకాలు పలికింది, గున్నయ్య పలికాడు, సూరన్న గొంతు పలికింది. పడవ మీద గొంతులు అయిపోయాయి. అయినా పైనుంచి ఇంకో గొంతు వచ్చింది, నిద్రలో మాట్లాడినట్టు.

“ఉన్నా... ఉన్నా.”

చిన్నప్పుడు మడవేళ్లలో దాక్కుని, అక్క పిలిస్తే రెండుసార్లు పలికేవాడు గంగులు. పెద్దయినా ఆ అలవాటు పోలేదు. లోకంలో ఇంకెవరూ అలా పలకరు.

గవరయ్య దగ్గాడు. “మంచులో గొంతులు తిరుగుతాయి. ఎవరూ బల్ల వదలకండి,” అన్నాడు.

నూకాలు బల్ల వదిలింది. పిల్లి అడుగు చప్పుడు కాదు. గున్నయ్య పక్కనుంచి, చేపల మీదుగా, గవరయ్య కాళ్లకి జానెడు దూరంలోంచి తోకబల్ల దగ్గరికి పాకింది. బల్ల ఖాళీగా ఉంది. సూరన్న గేలం చుట్ట విప్పకుండా అలాగే ఉంది. పంజాతో తడిమింది. బల్ల ఒక పక్క ఇరుసు మీద తిరుగుతోంది, రెండో పక్క కొయ్య చీల ఒకటి దాన్ని ఆపి ఉంచింది. చీల లాగితే బల్ల మీదున్నవాళ్లు నీళ్లలోకే.

బల్ల అంచున గాట్లు తగిలాయి. లోతైన గాట్లు, నాలుగూ నాలుగూ ఎనిమిది. తన గోళ్లు వాటిలో పెట్టి చూసింది. సరిపోయాయి. ఇసుక తిన్నె మీద దిగిపోయినవాడు ఇంతలా పట్టుకు వేలాడడు.

నూకాలు కాసేపు ఆ గాట్లలోంచి గోళ్లు తియ్యలేదు. తర్వాత తీసి, తెరచాప కొయ్య ఎక్కింది.

బుట్టలో గోరింక ఆమెను చూసి ముడుచుకుంది. కాలికి తాడు, తాడు కింద ఒరుసుకుపోయిన చర్మం.

“తినడానికొచ్చావా?” అంది గోరింక.

“అడగడానికొచ్చాను. మా తమ్ముడి గొంతు నీ దగ్గరికి ఎలా వచ్చింది?”

గోరింక చెప్పింది. నీళ్ల కింద ఒక సొరచేప ఉంది, పడవకంటే పొడుగైనది. గవరయ్య దానికి ఒకర్ని ఇస్తాడు, అది చేపల్ని తోలుకొస్తుంది. పడినవాళ్ల బదులు గోరింక పలకాలి. పలక్కపోతే తర్వాతి వంతు గోరింకదే. ఒడ్డుకి వెళ్లాక, తిన్నె మీద దిగిపోయారంటాడు గవరయ్య. చివరిదాకా పలికారుగా అని మిగతావాళ్లే సాక్ష్యం చెబుతారు.

“ఒకసారి పలికిన గొంతు నాలోంచి పోదు,” అంది గోరింక. “పదకొండు మంది అయ్యారు. మంచు దిగితే వాళ్లంతట వాళ్లే వస్తారు. మీ తమ్ముడు రెండుసార్లు పలుకుతాడు చూడు... మొదటిసారి పలికేది నేనే. రెండోసారి నా నోరు మూసే ఉంటుంది.”

నూకాలు గోరు చాపి తాడు తెంపింది.

“తెంపావు. ఇప్పుడు నేను ఎగిరిపోతే?”

“పో. ఆ పదకొండు మందీ నీతోనే వస్తారు. వాళ్లని దింపుకోవాలని ఉంటే నేను చెప్పినచోట, చెప్పినట్టు పలుకు.”

అంతలో గవరయ్య నాలుగోసారి పిలిచాడు. అది ఒడ్డుకి తిరిగే ముందు పిలుపు. నూకాలు అప్పటికి దిగి తన బల్ల మీదికి వచ్చేసింది. “ఉన్నా,” అంది. గున్నయ్య, “ఉన్నా, బుట్ట నిండింది,” అన్నాడు.

ఈసారి మూడో గొంతు పైనుంచి రాలేదు. తోకబల్ల మీదుగా, గవరయ్య చెవి పక్కన పలికింది.

“ఉన్నాను మావా. తోకబల్ల మీదే ఉన్నా. కథ సగంలో ఆగిపోయింది, వినవా?”

చుక్కాని కొయ్య మీద గవరయ్య పట్టు సడలింది. తను చీల లాగాడు. చప్పుడు విన్నాడు. బల్ల మళ్లీ సర్ది చీల పెట్టాడు. ఇన్ని వేటల్లో నీళ్లలోంచి ఎవరూ తిరిగి ఎక్కలేదు.

“ఎవరది?” అన్నాడు.

“మా మావగారు పాము సంగతి ఏమన్నాడో తెలుసా?” అంది గొంతు. ఆ వెంటనే, అదే చోటు నుంచి, “ఉన్నా... ఉన్నా.”

గవరయ్య చుక్కాని వదిలేశాడు. బల్ల ఖాళీగా ఉందని తన పంజాతో తెలుసుకోవాలి, అంతకుమించి ఏమీ అక్కర్లేదనిపించింది. మంచులో చెయ్యి చాపి ముందుకి వంగాడు. అందలేదు. బల్ల మీద ఒక కాలు వేశాడు, రెండోదీ వేశాడు.

ఈలోపు మళ్లీ తోకబల్ల దగ్గరికి పాకిన నూకాలు పళ్ల మధ్య అప్పటికే చీల ఉంది. లాగింది.

టక్కుమని కర్ర జారింది. నీళ్లలో ఏదో పడింది.

“ఆపండి!” అన్న కేక వెనకనుంచి వచ్చింది. “నేనే, సరంగుని. పడవ ఆపండి, పడిపోయాను.”

మైలడూ పుల్లడూ తెడ్లు ఆపాయి. గున్నయ్య తలెత్తాడు. సరంగు నీళ్లలోంచి అరుస్తున్నట్టుందే అన్నాడు.

అప్పుడు తెరచాప కొయ్య మీదనుంచి గవరయ్య గొంతు నింపాదిగా పలికింది. దగ్గుతో సహా.

“ఉన్నా. మంచులో గొంతులు తిరుగుతాయి గున్నయ్యా. నీ బల్ల వదలకు. ఎద్దుల్లారా, తెడ్డు వెయ్యండి.”

ఎద్దులు తెడ్డు వేశాయి. అవి ఏ రోజూ ఆ గొంతు మాట జవదాటలేదు. వెనక కేక ఇంకో రెండుసార్లు వినబడింది, పేరుపేరునా పిలిచింది, చెల్లెమ్మా అని కూడా అంది. గున్నయ్య కాసేపు విని, తల వంచి బుట్టలోని చేపలు సర్దుకున్నాడు. మూడో కేక మధ్యలో తెగిపోయింది. ఆ తర్వాత చేపలు వచ్చాయి. పడవ అంచుకి గుద్దుకుంటూ, ఎప్పుడూ రానన్ని. పట్టడానికి ఎవరూ పంజా పెట్టలేదు.

చుక్కాని నూకాలు పట్టుకుంది. ఒడ్డు ఎటుందో ఆ పిట్టకి నిజంగానే తెలుసు. అది చెబుతూ పోయింది, గవరయ్య గొంతుతోనే, ఎద్దులు బెదరకుండా.

మొగలోకి వచ్చాక మంచు విడిపోయింది. ఎద్దులు మొదటిసారి వెనక్కి తిరిగాయి. తోకబల్ల తలకిందులుగా వేలాడుతోంది. సరంగేడని అడిగాయి. నూకాలు గున్నయ్య వైపు చూసి, “నువ్వే చెప్పు మావా. చివరిదాకా విన్నావుగా,” అంది.

గున్నయ్య ఒడ్డు తగలగానే పడవ దిగాడు. నిండిన బుట్టను ఒడ్డునే వదిలేసి అడవిలోకి నడిచాడు. గంగులు ఎక్కిన రోజున నడిమి బల్ల మీద తనే ఉన్నాననీ, ఇసుక తిన్నె దగ్గర పడవ ఆగడం తను చూడలేదనీ, అయినా విన్నాం విన్నాం అన్నాననీ వారం తర్వాత తనే వచ్చి నూకాలుకి చెప్పాడు. ఆమె కూర్చోమనలేదు.

పడవను ఎద్దుల చేత ఒడ్డుకి లాగించి, తోకబల్ల ఊడబెరికి పొయ్యిలో పెట్టారు. గోరింక మడ అడవిలోనే ఒక కొమ్మ చూసుకుంది. పోయినవాళ్ల బంధువులు ఒక్కొక్కరే వచ్చి అడిగితే, తమవాళ్ల గొంతు ఒకసారి వినిపించి వదిలేసేది. అలా పదిమందిని దింపుకుంది. గవరయ్య గొంతు అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు.

మంచు పట్టిన పొద్దుల్లో నూకాలు కాలువ ఒడ్డున నిలబడి, “ఉన్నావా?” అని పిలుస్తుంది. కొమ్మ మీదనుంచి గోరింక గంగులు గొంతుతో, “ఉన్నా,” అంటుంది. నోరు మూసుకుంటుంది. ఇద్దరూ ఆగి వింటారు. మొగ అవతల, మంచు దట్టంగా ఉన్న వైపునుంచి, రెండోది వస్తుంది.

నూకాలు విని, గేలం తీసుకుని పనిలో పడుతుంది. లోసముద్రం వైపు మాత్రం మళ్లీ పోలేదు.

లేనివాళ్ల చేత ఉన్నామని పలికించినవాడు మునిగిన రోజున, వాడి కేకను అబద్ధం చెయ్యడానికి వాడి గొంతే చాలు.