పైడిరాజు కుర్చీలో

సౌమిత్రి దగ్గరికి చికిత్సకి వచ్చిన మనిషి మాట మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. మరుసటి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

ఆయన పేరు పైడిరాజు. విశాఖ రేవులో క్రేన్ నడుపుతాడు. తనని పెంచి పెద్దచేసిన అన్న పోయినప్పటి నుంచి, క్రేన్ ఎక్కితే చాలు చేతులు వణుకుతున్నాయి. మందులతో తగ్గలేదు. ఇలాగే ఉంటే పనిలోంచి తీసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు.

సౌమిత్రి మనోవిశ్లేషణ ఇంకా నేర్చుకుంటున్నవాడు. గురువు డాక్టర్ మార్తమ్మ. డెబ్బై దాటిన మనిషి. ప్రతి శనివారం పెదవాల్తేరులో ఆవిడ ఇంటికి వెళ్ళి, తన దగ్గరికి వచ్చినవాళ్ళ గురించి చెప్పుకుని వచ్చేవాడు.

ఆ శనివారం అతని చేతిలో ఒక కొత్త పుస్తకం ఉంది. ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ళ మీద రాసింది. మనోవిశ్లేషణ మీద కొత్త పుస్తకం వచ్చిందంటే అది చేతికందేదాకా సౌమిత్రికి అన్నం సహించదు.

"అన్న మీద మీకు లోలోపల కోపం ఉంది, ఆ కోపమే చేతుల్లోకి దిగింది అని చెప్పాను మేడమ్. 'మా అన్న దేవుడు బాబూ' అని లేచిపోయాడు. నేను చెప్పింది నిజం. అందుకే తట్టుకోలేకపోయాడు. చూడండి, ఇందులో అచ్చం ఇలాంటి మనిషే ఉన్నాడు."

మార్తమ్మ పుస్తకం అందుకుంది. ఆవిడ మొహం విప్పారింది.

"ఎంత బాగుందో కదా! నేను రెండుసార్లు చదివాను. మూడో అధ్యాయం దగ్గర ఏడుపొచ్చేసింది నాకు."

సౌమిత్రి తెల్లబోయాడు. ఆవిడ చదువు పాత పుస్తకాల దగ్గరే ఆగిపోయిందనుకున్నాడు ఇన్నాళ్ళూ.

ఆవిడ పుస్తకాన్ని పదిలంగా బల్ల మీద పెట్టింది. "పైడిరాజు ఎలా కూర్చుంటాడు?"

"కుర్చీ అంచున. చేతులు తొడల కింద పెట్టుకుని."

"అలా కూర్చో నాయనా. ఇప్పుడు నువ్వు పైడిరాజువి. నేను సౌమిత్రిని."

అతను నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. ఎదురుగా కూర్చుని, "అన్న మీద మీకు లోలోపల కోపం ఉంది. ఆ కోపమే చేతుల్లోకి దిగింది" అంది. వెక్కిరింత లేదు. అతని మాటే, అతని గొంతులాగే ఉంది.

సౌమిత్రికి చెవులు వేడెక్కాయి. తెలియకుండానే చూపు గుమ్మం వైపు పోయింది.

"ఇంకోసారి" అంది మార్తమ్మ.

ఈసారి ఆవిడ ఏమీ అనలేదు. అతని మొహంలోకి చూస్తూ ఊరికే కూర్చుంది. వీధిలో చేపలమ్మి కేక దగ్గరికి వచ్చి, దూరమైపోయింది. తొడల కింద అతని చేతులు తిమ్మిరెక్కాయి. ఆవిడకి తొందర లేదు. ఆ తొందరలేనితనంలో ఏదో సడలి, అతని నోటివెంట మాట వచ్చింది.

"కోపం ఉందని ఒప్పుకుంటే, ఇంక ఆయన కోసం ఏడవడానికి నాకేం హక్కుంటుంది?"

అన్నాక తన మాటకి తనే ఉలిక్కిపడ్డాడు.

"ఆ మాట ఎక్కడ చదివావు?" అని అడిగింది మార్తమ్మ.

"ఎక్కడా చదవలేదు మేడమ్."

ఆవిడ లేచి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

సోమవారం సౌమిత్రి పైడిరాజుకి ఫోన్ చేసి ఒక్కసారి రమ్మన్నాడు. ఇక రానని మొహం మీద చెప్పిపోదామనే వచ్చాడు పైడిరాజు.

"పోయినసారి నేను తొందరపడ్డాను" అన్నాడు సౌమిత్రి. "మీ అన్నయ్య గురించి నాకేమీ తెలియదు. చెప్తారా?"

పైడిరాజు గుమ్మం వైపు చూశాడు. తర్వాత కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సేపల కూరొండితే తలకాయ ముక్క నాకే ఏసేవోడు బాబూ" అన్నాడు. ఇక ఆగలేదు. అన్న చెప్పించిన చదువు, కొట్టిన దెబ్బ, తన పెళ్ళికి ఆయన వేసిన చిందులు. సౌమిత్రి వింటున్నాడు. చివరికి పైడిరాజు తొడల కింద నుంచి చేతులు తీసి మొహం కప్పుకున్నాడు.

"జబ్బని ఒక్క మాట సెప్పలేదు నాతో. దాసీసినాడు. ఆకరికి నన్ను పరాయోడ్ని సేసి ఎలిపోనాడు."

కోపం బయటికి వచ్చింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. 'నేనప్పుడే చెప్పానుగా' అనాలని సౌమిత్రికి తోచనే లేదు.

వానలు వెనకబట్టాక పైడిరాజు మళ్ళీ క్రేన్ ఎక్కాడు. మొదటిరోజు చేతులు కొంచెం వణికాయట. పని మాత్రం ఆగలేదు.

ఆ కబురు మార్తమ్మకి చెప్పి, సౌమిత్రి మనసులో ఉన్నది అడిగేశాడు. "మీరు ఆ పుస్తకం రెండుసార్లు చదివారు. నేనెక్కడ తప్పు చదివానో ఆవేళే చెప్పొచ్చు కదా మేడమ్?"

"తప్పేం చదవలేదే. అందులో ఉన్నదే చెప్పావు."

పొద్దున టపాలో వచ్చిన పార్సిల్ ఒకటి ఆవిడ పక్కన ఉంది. పైకాగితం విప్పి, లోపలి కొత్త పుస్తకాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే అతని చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు చదువు. చదివాక, అందులో ఏముందో నాకు చెప్పకు. చదువుతుంటే ఎవరు గుర్తొచ్చారో చెప్పు."