మడిచిన కళ్ళు

భుజంగరావు మేష్టారిని ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. పురాతన స్థలాలు తవ్వే విద్య ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. అడిగినవాళ్ళ చేతిలో తాపీయో కుంచో పెట్టి, "ఆ మూల కాస్త చూడమ్మా" అని తన పీట మీద తాను కూర్చుంటారు. ఒళ్ళుమండినవాళ్ళు వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళలో వకుళ ఒకతె.

వకుళది విజయనగరం. చిన్నప్పుడు కుడికంట్లో పువ్వు వేసి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కమ్మి చూపు పోతే, చనిపోయిన ఎవరో మనిషి కంటిపొర తెచ్చి డాక్టర్లు అతికించారు. ఆ మనిషి ఎవరో చెప్పకూడదన్నది ఆసుపత్రి కట్టుబాటు. ఆడో మగో కూడా తెలియదు. కట్టు విప్పినప్పుడు ఆ కంటికి మొట్టమొదట కనిపించినవి నర్సమ్మ జడలో కనకాంబరాలు. ఆ రంగు తలుచుకుంటే వకుళకి ఇప్పటికీ ఒకటే బెంగ. లోకంలో ఇంత రంగుందని చూపించి తను మట్టిలో కలిసిపోయిన మనిషికి ఒక్క మాటైనా చెప్పుకోలేకపోయానే అని.

వాళ్ళమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కుకుని, ఒకే రేకు మీద జంటగా వెండికళ్ళు చేయించింది. వకుళ వాటిని హుండీలో వెయ్యనివ్వలేదు. "ఇచ్చింది మనిషి కదమ్మా. ఆ మనిషికి చేరాలి" అని దాచేసుకుంది. అప్పటినించీ వాళ్ళమ్మ ఫోను చేసినప్పుడల్లా "మొక్కు తీరలేదే తల్లీ, నాకు నిద్రపట్టడం లేదే" అనే మాటతోనే పెట్టేస్తుంది. ఆ కళ్ళు చేతిసంచీలో ఉంచుకునే వకుళ మేష్టారి వెంట ఇంగ్లండు వచ్చింది.

అక్కడొక సుద్దకొండ నెత్తిన పాతగుడి పునాదులు బయటపడ్డాయి. రోమనులు ఆ దేశాన్ని ఏలినకాలంలో అక్కడి జనం తమ సొంత దేవుడికి కట్టుకున్న గుడి. నలుచదరం లోపల ఇంకో నలుచదరం. లోపలిది గర్భగుడి, దాని చుట్టూ నడిచే దారి. ఆ దారిలో గచ్చు అరిగి అరిగి నున్నబడి ఉంది. వకుళ చెప్పులు విప్పి దాని మీద అరికాలు ఆనించింది. ఒళ్ళు పులకరించిపోయింది.

"ప్రదక్షిణాలు చేశారు మేష్టారూ!"

"తిరిగారని గచ్చు చెబుతోంది. మిగతాది నువ్వు చెబుతున్నావు" అన్నారాయన.

ఆ దేవుడెవరో తెలియలేదు. విగ్రహం లేదు, పేరు చెక్కిన రాయి లేదు. గుడి వెనక గోతిలో మాత్రం మొక్కుబళ్ళు ఉన్నాయి. వంకర తిప్పిన సూదులు, విరిచిన చాకు, కంచుతో చేసిన వేలెడంత కాలు. ఒక మధ్యాహ్నం వకుళ కుంచె కింద తమలపాకులా మడిచిన, చిలుము పట్టిన కంచురేకు ఒకటి తగిలింది. ఆత్రంగా గోటితో విప్పబోయింది.

"ఆగు. మడిచినవాళ్ళు మనల్ని విప్పమనలేదు" అన్నారు మేష్టారు.

విప్పకుండానే ఎక్స్‌రే తీయించారు. మడత లోపల రెండు కళ్ళు, రెప్పలతో సహా. ఆ బొమ్మ చూసి వకుళ డేరా వెనక్కి వెళ్ళి చాలాసేపు ఏడ్చింది. అది దుఃఖం కాదు. తనలాంటిదే ఒకతె, ఇన్ని వందల ఏళ్ళ కిందట, ఈ కొండెక్కి వచ్చిందని.

గొయ్యి పూడ్చే రోజు వచ్చింది. పూడ్చేముందు అడుగున ఆ ఏటి నాణెం ఒకటి వెయ్యడం తవ్వేవాళ్ళ ఆనవాయితీ. ముందుముందు ఎప్పుడైనా మళ్ళీ తవ్వేవాళ్ళకి, ఇక్కడిదాకా మేం వచ్చాం అని చెప్పడానికి. తోటి విద్యార్థి నీలాద్రి నాణెం వేసి చేతులు దులుపుకుంటుంటే, వకుళ సంచీలోంచి వెండికళ్ళు తీసింది.

"మేష్టారూ, పేరు తెలియని మనిషికి కృతజ్ఞత ఎలా చెప్పుకోవాలండీ? ఈ దేవుడికీ పేరు లేదు, నాకు కన్నిచ్చినవాళ్ళకీ పేరు లేదు. ఇక్కడ వేస్తే చేరుతుందేమో."

నీలాద్రి పకపకా నవ్వాడు. "వెయ్యి వకుళా, వెయ్యి. మళ్ళీ తవ్వినవాళ్ళు సింహాద్రి అప్పన్నకి ఇంగ్లండు వీసా దొరికిందని పెద్ద పుస్తకం రాస్తారు."

"నువ్వు నోరు ముయ్యరా, ఇక్కడ ప్రాణం కొట్టుకుంటుంటే!"

మేష్టారు నవ్వలేదు, వద్దనలేదు. పీట మీంచి లేచి గోతి అంచుకి వచ్చారు. "వెయ్యాలనుంటే వెయ్యమ్మా. కానీ ఈ గుడికి వచ్చినవాళ్ళు వేసినట్టు వెయ్యి."

"అంటే ఎలాగండీ?"

"మడిచి."

వకుళ అర్థంకానట్టు చూసింది. "అసలు ఎందుకు మడిచేవారండీ?"

"మళ్ళీ ఎవరికీ పనికిరాకుండా అనుకుంటున్నాం. సూది ఇక కుట్టకూడదు, చాకు ఇక కొయ్యకూడదు. అప్పుడే అది పూర్తిగా ఇచ్చేసినట్టు."

వకుళ గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. వెండిరేకుని రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టుకుని వంచింది. పల్చటి వెండి, చెప్పినమాట విన్నట్టే వంగింది. కంసాలి ముచ్చటగా చెక్కిన కనుపాపలు ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. ఇంకొక్క నొక్కు నొక్కితే చీకట్లో ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండిపోతాయి, అంతే. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. కొండవాలున పండిన గోధుమచేను మీద సాయంత్రపు ఎండ పసుపుపారాణిలా పరుచుకుని ఉంది. గాలి వీచినప్పుడల్లా ఆ రంగు కదిలి కదిలి ఇటే వస్తోంది. కుడికంట్లో నీళ్ళు నిండి అది రెండు చేలై కనబడింది.

"నావల్ల కావడం లేదండీ" అంది. "మడిస్తే ఇవి ఇంక చూడవు."

భుజంగరావు మేష్టారు వంగి పార తీసి, ఇక పూడ్చమని నీలాద్రి చేతికి అందించారు. తర్వాత వకుళ వైపు తిరిగి, మెల్లగా అన్నారు.

"నీకిచ్చినవాళ్ళు మడవకుండా ఇచ్చారమ్మా. వెళ్ళి ఆ చేను కాస్త చూడు, ఇంకా వెలుతురుంది."