వెనక వరసలో హజ్రత్

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ఇంకో నెల ఉన్నాయనగా ఇలియాస్ తన దగ్గర చదువుకునే పిల్లలకు లెక్కల్లో మోడల్ పరీక్ష పెట్టాడు. సగం మంది తప్పారు.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ లెక్కలన్నీ ముందు రోజే బోర్డు మీద చేసి చూపించాడు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "అర్థమైంది సార్!" అన్నారు.

ఇలియాస్ కడపలో ఒక బడిలో లెక్కల టీచరు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, పాత దర్గా వరండాలో చుట్టుపక్కల సందుల పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పేవాడు. ఆ వరండా ఇచ్చింది దర్గా పెద్ద కరీముల్లా షా. పెద్దవాళ్ళకు ఆయన హజ్రత్. పిల్లలకు తాత. ఇలియాస్‌కు గురువు.

పేపర్లు చంకలో పెట్టుకుని ఇలియాస్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. హజ్రత్ వంటింటి గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"ఇంక నా వల్ల కాదు హజ్రత్. నేను చెప్పడంలో లోపం లేదు. ట్యూషన్లకు పోయే పిల్లలు కూడా గోడ పక్కన నిలబడి నా పాఠం వింటారు. మీరే చూశారు కదా."

"చూశాను."

"వీళ్ళకే మనసు లేదు. ఆ ముబీనా సంగతే తీసుకోండి. పోయినేడు లెక్కల్లోనే పోయింది. ఈసారి కూడా పోతే చదువు మానిపించి కుట్టుపనికి పంపిస్తామని ఇంట్లో చెప్పేశారు. పాలిటెక్నిక్‌లో చేరాలని ఆ పిల్లకు ఎంత ఆశో! అయినా తెల్లకాగితం ఇచ్చింది."

హజ్రత్ చేతులు దులుపుకున్నాడు.

"రేపు నేను కూడా వచ్చి కూర్చుంటా" అన్నాడు.

ఇలియాస్‌కు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. హజ్రత్ తన పాఠం వినబోతున్నాడు! ఎత్తులు, దూరాల పాఠం తీసుకున్నాడు. బొమ్మ ఎక్కడ వెయ్యాలో, ఏ మాట దగ్గర ఆగాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాడు.

మరునాడు హజ్రత్ వచ్చి వెనక వరసలో, ముబీనా పక్కన చాప మీద కూర్చున్నాడు. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు.

ఇలియాస్ ఎప్పుడూ చెప్పనంత బాగా చెప్పాడు. బోర్డు మీద దర్గా ఆవరణలోని మీనారునే గీశాడు. దూరంగా ఒక మనిషిని నిలబెట్టాడు. ఆ మనిషి కంటి నుంచి మీనారు కొసకు గీత లాగాడు. కోణం, దూరం తెలిస్తే చాలు, పైకి ఎక్కకుండానే ఎత్తు ఎలా చెప్పొచ్చో నాలుగు వరసల్లో తేల్చేశాడు.

"అర్థమైందా?"

"అర్థమైంది సార్!"

వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"నాకు అర్థం కాలేదు" అన్నాడు హజ్రత్.

పిల్లలు గొల్లుమన్నారు. ఇలియాస్ నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. మళ్ళీ చెయ్యి లేచింది. ఈసారి ఇంకా నిదానంగా, రంగు సుద్దలతో చెప్పాడు. మళ్ళీ లేచింది. ఇలియాస్ మొహం ఎర్రబడింది. ఇంతకన్నా ఎలా చెప్పాలో అతనికి తోచలేదు.

హజ్రత్ పక్కకు తిరిగాడు.

"నీకు అర్థమైంది కదమ్మా ముబీనా? కాస్త నువ్వు చెప్పు."

ముబీనా బిక్కమొహం వేసింది. "నేనా తాతా?"

"మీ సారు చెప్పేది పెద్దవాళ్ళకు అందేట్టు లేదు."

ఆ పిల్ల పుస్తకంలో బొమ్మ వేసి మొదలుపెట్టింది. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. "ఇక్కడ... ఇక్కడ టాన్ వస్తుంది తాతా."

"ఎందుకొస్తుంది?"

ముబీనా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు వరసలోని ఓబులేసు వెనక్కి తిరిగి, "ఎదురుగా ఉండేదాన్ని పక్కనుండే దాంతో భాగిస్తే టాన్!" అని అరిచాడు.

"అది నాకూ వినబడింది. దేనికి ఎదురు? దేని పక్కన?"

ఓబులేసు బొమ్మలో ఒక గీత మీద వేలు పెట్టాడు. ఇంకెవరో ఏదో అన్నారు. "అట్ల కాదు లే!" అని ఇంకొకరు అడ్డం వచ్చారు. చూస్తుండగానే వరసలు చెదిరిపోయాయి. పిల్లలంతా హజ్రత్ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని పోట్లాడుకోసాగారు. ఇలియాస్ "అది కాదురా..." అని ఒక అడుగు వేశాడు. హజ్రత్ అతనికేసి చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపాడు.

"ఇట్ల కాదు. మీనారు దగ్గరికే పోదాం పదండి!" అంది ముబీనా, లేచి నిలబడుతూ.

అందరూ చెప్పులైనా వేసుకోకుండా ఆవరణలోకి పరిగెత్తారు. ముబీనా జామెట్రీ బాక్సులోంచి నలభై ఐదు డిగ్రీల మూలమట్టం తీసి కంటి దగ్గర పెట్టుకుంది. దాని వాలు అంచు వెంబడి మీనారు కొసను చూస్తూ వెనక్కి నడిచింది. ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోయింది.

"తాతా! ఇక్కడ నలభై ఐదు! రెండు పక్కలూ సమానం! అంటే... అంటే నేను మీనారు నుంచి ఎంత దూరం వచ్చినానో, మీనారు అంత ఎత్తు!"

పిల్లలు కేకలు పెట్టారు. ఓబులేసు తాడు తెచ్చి కొలవడం మొదలుపెట్టాడు.

హజ్రత్ గడ్డం గోక్కున్నాడు. "అంతేనా? నీ కన్ను నేల మీద లేదు కదమ్మా?"

 ముబీనా కిందికి, తన పాదాల వైపు చూసుకుంది. అంతలోనే ఎగిరి గంతేసింది.

"కన్ను ఎంత ఎత్తులో ఉంటే అంత కలపాల! దూరానికి అది కూడా కలపాల! ఒరేయ్, తాడు ఇట్లా ఇయ్యి, ముందు నన్ను కొలవండి!"

పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా ఆ గోల తగ్గలేదు. వరండాలో ఇలియాస్ ఒక్కడే బోర్డు పక్కన నిలబడి ఉన్నాడు. అతని వేళ్ళ మధ్య సుద్దముక్క పొడి అయిపోయింది.

ఆ మరునాటి నుంచి అతను బోర్డు దగ్గర నిలబడటం తగ్గించాడు. లెక్క ఇచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మొదట్లో చాలా కష్టపడ్డాడు. మాట నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేవాడు. పిల్లలు జట్లుగా కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవారు, వాదించుకునేవారు. ఆ అరుపులు సందు మొదటిదాకా వినబడేవి.

లెక్కల పరీక్ష రోజు ఇలియాస్ సెంటరు గేటు బయట ఎండలో నిలబడ్డాడు. గంట కొట్టగానే ముబీనా అందరినీ తోసుకుంటూ బయటికి వచ్చింది.

"సార్! శంకువు లెక్క కాడ ఆగిపోయినా సార్.  అప్పుడు తాత పక్కన కూర్చుని 'నాకు అర్థం కాలేదు' అంటా ఉన్నట్టే అనుకున్నా. మనసులో ఆయనకు చెప్తా పోయినా. చెప్తా చెప్తా ఉంటే వచ్చేసింది సార్! మొత్తం వచ్చేసింది!"

ఫలితాలు వచ్చిన రోజు దర్గా ఆవరణ నిండిపోయింది. ముబీనా లెక్కల్లో గట్టెక్కడమే కాదు, మంచి మార్కులే తెచ్చుకుంది. వాళ్ళ నాన్న అందరికీ జిలేబీ పంచుతూ, పాలిటెక్నిక్ ప్రవేశాలు ఎప్పుడని కనబడిన వాళ్ళనల్లా అడుగుతున్నాడు. ఓబులేసును పిల్లలు భుజాల మీద ఎక్కించుకుని తిప్పారు.

జనం పలచబడ్డాక ఇలియాస్ హజ్రత్ పక్కన వచ్చి కూర్చున్నాడు. 

"హజ్రత్, ఆ రోజు నేను మూడుసార్లు చెప్పాను. మీకు నిజంగానే అర్థం కాలేదా?"

హజ్రత్ వేళ్ళకంటిన జిలేబీ పాకం తుడుచుకున్నాడు.

"మొదటిసారే అర్థమైంది బేటా. ఎంత బాగా చెప్పావంటే, వాళ్ళు చెప్పడానికి ఏమీ మిగల్లేదు."