గవిరమ్మ పోసిన నీళ్ళు

అనగనగా అంటాను, ఊఁ కొట్టండి. కొడుతూనే ఉండండి. నేను మధ్యలో ఆగను. ఆగితే నాకు కోపం పెరుగుతుంది.

అనగనగా ఒక ఏరు. ఈ ఒడ్డున గవ్వలపాడు, ఆ ఒడ్డున మొగలిరేవు. ఆస్పత్రి అనే మాటే పుట్టని కాలం. కోతలు అయిపోగానే రెండు ఊళ్ళకీ చెడుగుడు పోటీ జరిగేది.

ఆడేది ఎవరు? కలుపు తీసినవాళ్ళు, కావిడి మోసినవాళ్ళు. గెలిచేది ఎవరు? పందిరి కింద కూర్చుని మీసం దువ్వుకునే పెద్దనాయుడు. ఒళ్ళు ఒకరిది, పేరు ఇంకొకరిది. లోకం అప్పుడూ అంతే.

గవ్వలపాడులో ఒక ఆచారం ఉండేది. ఆట మొదలయ్యే ముందు పెద్దనాయుడు తన ఎర్ర తలపాగా విప్పి, ఊళ్ళోకెల్లా గట్టి ఆటగాడి నడుముకు కట్టేవాడు. "ఇది ఊరి పరువురా, జాగ్రత్త" అనేవాడు. ఆట ముగిసేదాకా ఆ పాగా విప్పకూడదు. విప్పితే ఊరు ఓడినట్టే.

ఆ ఏడు పాగాను ముత్యాలు అనే కుర్రాడి నడుముకు చుట్టారు. ముత్యాలు అడవిలో కట్టెలు కొట్టేవాడు. అతను కూత పెడితే ఏటి అవతల కుక్కలు మొరిగేవి.

ఇక గవిరమ్మ. బరిలో దుమ్ము లేవకుండా కుండతో నీళ్ళు చల్లడం ఆమె పని. ఏటి నీళ్ళు, ఎముకలు కొరికే చల్లదనం. చల్లుతూ చల్లుతూ ఆటగాళ్ళ కాళ్ళ మీద కావాలనే ఒంపేది. వాళ్ళు ఎగిరి గెంతేవాళ్ళు, అప్పా అని, అంటే అక్కా అని, అరిచేవాళ్ళు.

"ఓలమ్మో, సంపేసినావు కదే గవిరప్పా!"

"సావనేదు కదా, ఎల్లి ఆడు!"

అంతే ఆమె సరదా. అంతకు మించి ఆ ఊళ్ళో ఆమెతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఆట మొదలైంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ముత్యాలు కూత పెడుతూ గీత దాటాడు. మొగలిరేవు దాలయ్య అతని కాలు పట్టాడు. మరో ఇద్దరు మీద పడ్డారు. ఒంటిబరువంతా ఒకవైపు, కాలు ఒకవైపు. మోకాలు ఉండాల్సిన చోట లేకుండా పోయింది. పిక్క ఒక దిక్కు చూస్తోంది, తొడ ఇంకో దిక్కు చూస్తోంది.

పెద్దనాయుడు పరుగెత్తుకొచ్చాడు. కాలు చూశాడా? లేదు. పాగా చూశాడు.

"కూత పెట్టరా ముత్యాలూ!"

ముత్యాలు పళ్ళు బిగబట్టి కూత పెట్టాడు.

"విన్నారా? కూత ఉంది. కూత ఉంటే ఆటగాడు బాగున్నట్టే."

అని ముత్యాలు నడుముకున్న పాగా మోకాలికి జరిపి బిగించాడు. "పాగా విప్పలేదు, కిందికి జరిపానంతే. అందరూ చూశారుగా?" అన్నాడు. ఇంకాస్త బిగించాడు. "గీత లోపలే కూర్చోరా. నువ్వు బరిలో ఉంటే ఊరు బరిలో ఉన్నట్టు."

పరువు పెద్దనాయుడిది. కాలు ముత్యాలుది. ఆట ఆగలేదు.

గవిరమ్మ కుండతో వచ్చింది. పాదం మీద నీళ్ళు పోసింది.

"అబ్బా! సల్లటి నీళ్ళే గవిరప్పా!" అని అరిచాడు ముత్యాలు. అరిచాడు కాబట్టి ఆమె నవ్వింది. కానీ మోకాలు చూసి నవ్వు ఆగింది.

"నాయుడు బావూ, ఏటి అవతల ఎముకలు సరిచేసే సత్తెన్న ఉన్నాడు. తీసుకెల్దాం."

"నీళ్ళు చల్లేదానివి నీళ్ళు చల్లు" అన్నాడు పెద్దనాయుడు.

ఆట ఆగలేదు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. డప్పులు మోగాయి. పొద్దు నెత్తి మీదికొచ్చింది. గవిరమ్మకు మనసు నిలవలేదు. బరికి ఆ చివర నీళ్ళు చల్లి, మళ్ళీ వచ్చి పాదం మీద పోసింది.

"ఏటో తగిలినట్టుంది" అన్నాడు ముత్యాలు. "నీళ్ళేనా అప్పా?"

ఆమె పాదం పట్టుకుంది. నడి ఎండలో, కాలిన మట్టిలో, ఆ పాదం చల్లగా ఉంది. రెండో పాదం పట్టుకుంది. అది కాగుతోంది.

"నాయుడు బావూ! ఒక కాలు సల్లగా ఉంది, ఒకటి ఏడిగా ఉంది. ఒకే మనిసికి అలగుంటాదా?"

"ఆటయ్యాక చూద్దాం లేవే. గెలుపు అంచున ఉన్నాం."

పరువు పెద్దనాయుడిది. కాలు ముత్యాలుది. ఆట ఆగలేదు.

గవిరమ్మ ఏటికి పరుగెత్తింది, నీళ్ళు ముంచుకుని పరుగెత్తింది. దారిలో సగం ఒలికిపోయాయి. మూడోసారి వచ్చేసరికి ముత్యాలు ముఖం తేటపడి ఉంది.

"నొప్పి తగ్గిపోయింది అప్పా. పాదం ఉన్నట్టే నేదు."

జనం చప్పట్లు కొట్టారు. పెద్దనాయుడు తొడ చరిచాడు. "నా పాగా మహిమరా అది! నొప్పిని లాగేసింది!"

గవిరమ్మ కుండ మొత్తం ఆ పాదం మీద బోర్లించింది. పాదం పాలిపోయి సున్నంలా ఉంది. బొటనవేలు కూడా కదల్లేదు.

ముత్యాలు ఆట వైపే చూస్తున్నాడు. "నీళ్ళు తెచ్చినావు కదప్పా, పొయ్యి మరి" అన్నాడు.

ఆమె చేతిలో కుండ ఖాళీ. కింద మట్టి బురదై ఉంది.

అప్పుడు గవిరమ్మ ఒంగి పాగా ముడి మీద చెయ్యి వేసింది.

డప్పులు ఆగిపోయాయి. "ఓలే! ముట్టుకోకే!" అని వంద గొంతులు. "ఊరి పరువే అది!" అని పెద్దనాయుడు.

"నా నీళ్ళు పడితే ఊరంతా గెంతుతాది బావూ. ఈడు గెంతలేదు. నీ పరువు రేపు ఇంకో బట్టలో కట్టుకో. ఈడి కాలు ఏ బట్టలో కడతావు?"

పళ్ళతో ముడి పీకింది. పాగా నేల మీద పడింది. గవ్వలపాడు ఓడింది. ఆట ఆగింది.

మోయడానికి ఊరివాళ్ళు ఒక్కరైనా కదిలారా? లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. గీత అవతల నుంచి దాలయ్య వచ్చాడు, కాలు పట్టినవాడు. "నా చేతుల్లోనే తిరిగింది ఆ మోకాలు. నానే మోస్తాను" అన్నాడు. కాలు కదలకుండా రెండు వెదురు బద్దలు పెట్టి గవిరమ్మ చీర కొంగుతో వదులుగా చుట్టింది. పరుగు, పరుగు, ఏట్లో మొలలోతు నీళ్ళు, మళ్ళీ పరుగు.

సత్తెన్న పాదం ముట్టుకోగానే ముఖం మాడ్చుకున్నాడు. "ఇంత సేపు ఏం చేశారు?" అన్నాడు.

"ఆడారు" అంది గవిరమ్మ.

"ఇంకొంచెం ఆడుంటే ఈ కాలు కొయ్యడానికే తెచ్చేవాళ్ళు. కాలు ఉంచితే మనిషి పోయేవాడు."

దాలయ్య తొడ పట్టాడు. సత్తెన్న మడమ పట్టి లాగాడు. ఎముక గూట్లో పడిన చప్పుడు బయటిదాకా వినిపించింది. అందరూ పాదం వైపే చూశారు. సున్నం రంగు. సున్నం రంగే. తర్వాత వేళ్ళ కొసల్లో సన్నగా ఎరుపు. గవిరమ్మ చెంబెడు నీళ్ళు పోసింది.

"ఓలమ్మో! సంపేసినావు కదే గవిరప్పా!"

ఆమె నేల మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది. "అరవరా నాయనా, ఇంకా అరవరా" అంది.

కథ అక్కడితో బాగుపడిందా? లేదు. గవ్వలపాడు ఆమె కుండ పగలగొట్టింది. బరి ఛాయలకు రావద్దంది. పరువు తీసినదానికి ఊళ్ళో చోటు లేదంది. గవిరమ్మ ఏటి ఇసకగట్టు మీద తాటాకు గుడిసె వేసుకుని, వచ్చేపోయేవాళ్ళకి దాహం తీరుస్తూ బతికింది. ముత్యాలు మళ్ళీ చెడుగుడు ఆడలేదు. కొంచెం కుంటేవాడు. కానీ అడవికి వెళ్ళాడు, కట్టెలు కొట్టాడు, గుడిసె ముందు రోజూ ఒక మోపు దించి వెళ్ళాడు.

గవిరమ్మ పోయిన రోజున పాడె మోయడానికి ఊరు మళ్ళీ చేతులు కట్టుకుంది. ముందు ముత్యాలు భుజం పట్టాడు, వెనక దాలయ్య భుజం పట్టాడు. అడుగు వెయ్యబోయే ముందు ముత్యాలు ఆమె చెంబుతో తన పాదం మీద నీళ్ళు పోసుకున్నాడు.

"నీళ్ళు తెలిసాయి అప్పా" అన్నాడు. గట్టిగానే అన్నాడు, ఊరందరికీ వినబడేలా.

ఆ కాలి మీదే నడిచి ఆమెను మోశాడు. అది చూసిన ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఇంట్లోంచి కుండ తెచ్చి బరి అంచున పెట్టారు. పెద్దనాయుడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆ తలపాగా ఏమైందో ఎవరికీ తెలియదు. కుండ మాత్రం ఉంది. ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున ఏ ఆటైనా కానివ్వండి, బంతాట కానివ్వండి, పరుగు పందెం కానివ్వండి, గీత పక్కన నీళ్ళ కుండ ఉండాల్సిందే. ఎవరైనా పడితే కూత పెట్టమనరు. దెబ్బకు దిగువన నీళ్ళు పోసి, "గవిరమ్మ నీళ్ళు తెలిసాయా?" అని అడుగుతారు. తెలిసాయంటే కూడా కాలు వంకర పోయిందేమో, రంగు మారిందేమో, రెండో కాలికన్నా చల్లబడిందేమో చూస్తారు. వాటిలో ఒక్కటి కనబడినా, నీళ్ళు తెలియలేదన్నా, పడినవాడు నొప్పి లేదని నవ్వినా సరే, ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. స్కోరు ఎవరూ అడగరు. పెద్దల అనుమతి ఎవరూ అడగరు. ఆటో వస్తే ఆటో, ట్రాక్టర్ వస్తే ట్రాక్టర్, ఎక్కించి ఆస్పత్రికి పరుగే. అవతలి జట్టువాళ్ళే ముందు మోయాలి, అది దాలయ్య పెట్టిన వరస.

ఆ కుండ ఒంపే హక్కు ఎవరిదైనా కావచ్చు. పసిపిల్లదైనా సరే, చెయ్యి పట్టి ఆపేవాడు ఆ ఒడ్డున ఇంకా పుట్టలేదు.