ఇనాయత్ ప్రశ్నలు

తన గురువు ఎవరినీ ఏమీ అడగరన్నది ఇనాయత్‌కు తీరని బాధ.

ఎర్రగుట్ట కింద చిన్న దర్గాలో నూరుల్లా షా ఉండేవారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లందరికీ ఆయన తాత. శిష్యులకు హజ్రత్. ఎవరొచ్చి ఏం చెప్పుకున్నా వినేవారు. ఇన్ని మంచినీళ్లు ఇచ్చేవారు. ఒక మాట చెప్పి పంపేసేవారు.

ఇనాయత్ దర్గాకు రాకముందు చాలా ఏళ్లు పత్రికా విలేకరి. పోలీసులకు చెప్పని సంగతి కూడా అతనికి చెప్పేవాళ్లు. ఎవరిని ఏం అడగాలో అతనికి తెలుసు. ఉద్యోగం వదిలేసినా ఆ గర్వం వదల్లేదు.

ఆ ఎండాకాలం మద్దిలేటి అనే ట్రాక్టరు డ్రైవరు వచ్చాడు. మనిషి పీక్కుపోయి ఉన్నాడు.

"చేలో పండుకోనుంటి తాతా. కండ్ల మీద వెలుగు పడింది. కాలూ చెయ్యీ ఆడలా. నోరు పెగల్లా. తెలివొచ్చేసరికి తెల్లారిపోయింది. గట్టు అవతల పడుండాను."

తాత నీళ్లిచ్చారు. "కొన్నాళ్లు ఇంట్లోనే పండుకో నాయనా" అన్నారు.

ఇనాయత్‌కు ప్రాణం ఉసూరుమంది. ఇంత సంగతి విని అంతేనా? అతను మద్దిలేటి వెంట గేటు దాకా వెళ్లి ఆపాడు.

"వెలుగు పైనుంచి వచ్చిందా?"

"పైనుంచే అనుకుంటా సార్."

"నిన్ను పైకి లేపినట్టు అనిపించిందా?"

మద్దిలేటి తల గోక్కున్నాడు. "గట్టు అవతలికి ఎట్ల పోయినానో మరి. లేపే ఉంటారు."

"ఎంతమంది ఉన్నారు వాళ్లు?"

మద్దిలేటి అతని మొహంలోకి చూశాడు. "ఇద్దరో ముగ్గురో" అన్నాడు మెల్లగా.

ఆకాశం నుంచి దిగి మనుషుల్ని ఎత్తుకుపోయే గ్రహాంతరవాసుల గురించి ఇనాయత్ చాలా చదివాడు. ఎక్కడో పరాయి దేశాల్లో జరిగిందన్నది ఇప్పుడు తన కళ్ల ముందుకొచ్చింది. అప్పటినుంచి తరచూ మద్దిలేటి ఇంటికి వెళ్లి కూర్చునేవాడు. వాళ్ల కళ్లు పెద్దవా? చర్మం బూడిదరంగా? నీ ఒంటి మీద ఏమైనా గుచ్చారా? వెళ్లిన ప్రతిసారీ మద్దిలేటికి ఇంకొంచెం గుర్తొచ్చేది.

మాట పాకింది. పక్క ఊరి నుంచి ఒక లారీ క్లీనరు వచ్చాడు. మిరపతోటకు కాపలా ఉండే ఇంకొకాయన వచ్చాడు. వాళ్లనూ ఇనాయత్ కూర్చోబెట్టి అడిగాడు. పెద్ద కళ్లు, బూడిదరంగు, సూది. ముగ్గురూ ఒక్కటే చెప్పారు.

ఒకరోజు మద్దిలేటిని ఇంకో మాట అడిగాడు. "మీ పాప గురించి వాళ్లేమైనా అన్నారా?"

మద్దిలేటి వాకిట్లో ఆడుకుంటున్న పాప వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"అన్నారు" అన్నాడు.

ఊళ్లకు భయం పట్టుకుంది. పొద్దు వాలకముందే తలుపులు పడేవి. రాత్రి కరెంటు వచ్చినా మోటార్లు వెయ్యడానికి పోయే మగవాడు లేడు. పైరు ఎండుతున్నా ఎవరూ కదల్లేదు. ఇనాయత్‌కు కూడా ఆరుబయట పడుకోవాలంటే వణుకు. నమాజు మధ్యలో తల పైకెత్తి చూడాలనిపించేది.

శుక్రవారం జుమ్మా నమాజుకు జనమంతా దర్గాకు వస్తారు. వాళ్లందరి ముందూ ఈ సంగతి చెప్పి జాగ్రత్తపడమనాలని అతని ఆలోచన. అనుమతి అడగడానికి తాత దగ్గర కూర్చున్నాడు. అప్పుడే మద్దిలేటి భార్య సుంకమ్మ వచ్చింది. ఎండలో నడిచి వచ్చిందేమో, చీర చెమటకు తడిసిపోయి ఉంది.

"తాతా, నా బిడ్డను బయటికి తియ్యమని మా ఆయనకు చెప్పు" అంది. "అంకితను కొట్టుగదిలో పెట్టి బీగం ఏసినాడు. కిటికీ లేని గది. పైన రేకులు. ఇస్కూలు లేదు, ఏం లేదు. తలుపు సందులోంచే అన్నం పెడతాండా. నిన్న మధ్యాన్నం సోయి తప్పిపోయింది. అయినా బీగం తియ్యడు. పైనోళ్లు బిడ్డను అడిగినారంట. రేకులు పీక్కుని వచ్చినా పొడుస్తానని గడ్డపార పట్టుకోని కూర్చున్నాడు."

ఇనాయత్ ముందుకు జరిగాడు.

"హజ్రత్, అతను అబద్ధం చెప్పడం లేదు" అన్నాడు. "ముగ్గురిని విచారించాను. ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేదు. ముగ్గురూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే చెప్పారు. ఇది ఉత్తది ఎట్లా అవుతుంది?"

తాత సుంకమ్మకు నీళ్ల చెంబు అందించారు. ఆమె తాగేదాకా ఆగారు. తర్వాత ఇనాయత్ వైపు తిరిగారు.

"పొద్దున వంటకు కొత్తగా ఒక ముసలాయన వచ్చాడు కదా, చిన్నమౌలాలి. ఆయనకు పోయిన కన్ను ఏది? కుడిదా, ఎడమదా?"

ఇంత తొందరలో ఈ ప్రశ్న ఎందుకో ఇనాయత్‌కు తెలియలేదు. అయినా చూసినదాన్ని మర్చిపోయే మనిషి కాదు తను.

"ఎడమది హజ్రత్."

"బాగా చూశావా?"

"నీళ్లిచ్చిందే నేను. తెల్లగా పొర కమ్మి ఉంది."

తాత వంటపాక వైపు తిరిగి కేకేశారు. చిన్నమౌలాలి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎండలో నిలబడ్డాడు. ఉల్లిపాయలు తరుగుతున్నాడేమో, రెండు కళ్లలోనూ నీళ్లు. రెండూ నల్లగా, నిండుగా, చక్కగా ఉన్నాయి.

"పిలిచినారా బాబా?"

"ఏం లేదు. తరిగిన ఉల్లిపాయలు చాల్లే" అన్నారు తాత.

ముసలాయన వెళ్లిపోయాడు. ఇనాయత్ కళ్లు మూసుకున్నాడు. పొద్దున తన చేతిలోంచి గ్లాసు అందుకున్న మొహం కనిపించింది. దాని ఎడమ కంటి మీద తెల్లటి పొర ఇంకా ఉంది.

"బండి తియ్యి" అన్నారు తాత. "ఈమెను ఎక్కించుకుని పోయి మద్దిలేటి దగ్గర కూర్చో."

"ఏం అడగమంటారు హజ్రత్?"

తాత ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

మద్దిలేటి కొట్టుగది తలుపుకు వీపు ఆనించి, ఒళ్లో గడ్డపార పెట్టుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇనాయత్‌ను చూసి ప్రాణం లేచి వచ్చినట్టు మొహం పెట్టాడు.

"వచ్చినావా సార్! నువ్వు అన్నట్టే అయితాంది. నిన్నటి నుంచి వాళ్ల మాటలు కూడా వినపడతాండాయి."

"మద్దిలేటీ, ఆ మనుషులూ ఆ కళ్లూ నేను అడిగాకే వచ్చాయి. తప్పు నాది. పాపను బయటికి తియ్యి."

"నేను చూసినా సార్!" మద్దిలేటి అరిచాడు. గడ్డపార మీద వేళ్లు బిగుసుకున్నాయి. "కండ్లారా చూసినా! నువ్వే గదా నిజమంటివి. ఇప్పుడు నన్ను అబద్ధాలోడిని చేస్తావా?"

లోపల్నుంచి పాప దగ్గు వినిపించింది. సుంకమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

ఇనాయత్‌కు నాలిక చివర పది ప్రశ్నలు వచ్చి నిలబడ్డాయి. ఏది అడిగినా ఈ మనిషి దాన్నే పట్టుకుంటాడు. దానికి కాళ్లూ చేతులూ వస్తాయి. అతను వాటిని మింగేసి, మద్దిలేటి పక్కనే నేల మీద కూర్చున్నాడు.

రేకులు ఎండకు చిటపటమన్నాయి. లోపల ఎంత ఉక్కగా ఉందో తలుచుకుంటే ఇనాయత్‌కు ఊపిరాడలేదు. లేచి గడ్డపార లాక్కుందామా అనుకున్నాడు. లాక్కుంటే ఏం జరుగుతుందో అని భయపడ్డాడు. కూర్చునే ఉన్నాడు.

మద్దిలేటి అతని వైపు మళ్లీ మళ్లీ చూశాడు.

"ఏం అడగవా సార్?"

ఇనాయత్ అడ్డంగా తల ఊపాడు.

మద్దిలేటి ఇంకాసేపు ఎదురుచూశాడు. తర్వాత తలుపు కేసి తిరిగి, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు నాకు ముందుగా పాప గుర్తొచ్చింది. కాలూ చెయ్యీ కదల్లేదు గదా, చచ్చిపోతాండాననుకున్నా. అంకితా అని పిలవాలని చూసినా. గొంతు రాలా. ఎంత చూసినా రాలా." అతను తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. "ఈ మాట నేను ఎవురికీ చెప్పలా."

తర్వాత ఏమైందన్న మాట ఇనాయత్ పెదవుల దాకా వచ్చింది. పళ్లు బిగించాడు.

మద్దిలేటి ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. ఏడుపు ఆగాక మొలతాడుకు కట్టుకున్న బీగం చెవి విప్పి, వెనక్కి చూడకుండా భార్యకు ఇచ్చాడు.

తలుపు తెరుచుకుంది. లోపల గింజల మూటల మధ్య అంకిత మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. తల్లి చెయ్యి చాపినా లేవలేదు. వెలుతురుకు కళ్లు చికిలించి ఇనాయత్‌ను గుర్తుపట్టింది.

"నువ్వే గదా సార్ మా నాయనకు చెప్తివి. వాళ్లు ఎట్లుంటారు?"

ఇనాయత్ గడప మీదికి వచ్చి నిలబడ్డాడు.

"నేను చూడలేదమ్మా."

ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"నువ్వు చూస్తివా నాయనా?"

మద్దిలేటి కళ్లు మూసుకున్నాడు. రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదిలాయి.

"వెలుగు చూసినా తల్లీ" అన్నాడు మద్దిలేటి. "తక్కినవి నాకు తెలీదు."

అంకిత మూటలు పట్టుకుని లేచింది. ఇనాయత్ గడప మీద నుంచి పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.