మంటగాలికి మంచుగది

ఒకప్పుడు సముద్రం అడుగున మంచన్నదే లేదు. ఉన్నదల్లా చీకటి, చలి, నెత్తిమీద కొండంత బరువు.

అక్కడ చలమ్మ అనే నీటిబొట్టు ఉండేది. తోటి బొట్లతో చేతులు కలిపి గుండ్రంగా గది కట్టేది. ఖాళీ గది ఎంతసేపు నిలుస్తుంది? పైబరువుకు చితికిపోయేది. మళ్లీ కట్టేది, మళ్లీ చితికేది.

"లోపల ఎవరైనా వీపు ఆనిస్తే బావుణ్ణు," అనేది చలమ్మ.

కింద బురదలో చచ్చిన చేపలు కుళ్లితే మంటగాలి పిల్లలు పుట్టేవి. పుట్టడమే ఆలస్యం, బుడగలై పైకి పరుగు! పైన పిడుగు కాచుకుని ఉండేది. భగ్గుమనేవి. ఒక్కటీ తిరిగి రాలేదు.

చివరికి వాటిలో బుడ్డి అనే చిన్నది ఒక్కతే మిగిలింది.

"చలమ్మత్తా, అక్కలందరూ కాలిపోయారు. నన్ను దాచవూ?" అంది.

"నేనుంటా, నేనుంటా!" అంటూ తేలికగాలి అనే సన్నటి పిల్ల ముందే దూరింది. వేళ్ల సందుల్లోంచి కిచకిచమంటూ జారిపోయింది.

తర్వాత చమురావిరి అనే లావుపాటి పిల్ల వచ్చింది. సగం దూరి ఇరుక్కుంది.

"పొట్ట పీల్చవే తల్లీ!"

"పీల్చానత్తా! పీల్చితేనే ఇంత!"

దాన్ని బయటికి తోసేశారు. బుడ్డి మెల్లగా లోపలికొచ్చింది. అతికినట్టు సరిపోయింది. సముద్రం బరువంతా మీద పడింది. గది కదల్లేదు. తెల్లటి మంచై బిగుసుకుంది.

"చేతులు వదలవు కదత్తా?"

"చల్లగా ఉన్నన్నాళ్లూ వదలను."

"వెచ్చబడితే?"

చలమ్మ పక్కబొట్ల చేతులు ఇంకాస్త బిగించింది. వెచ్చదనం తగిలితే చాలు, పక్కవాళ్ల చెయ్యి విదిలించుకుని గెంతడం బొట్లకు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఒకనాడు జాలరి పోలయ్య వల ఆ మంచుగడ్డను పైకి లాగింది.

"అత్తా, వెచ్చగా ఉంది," అంది బుడ్డి.

"బిగించి పట్టుకోండర్రా!" అని అరిచింది చలమ్మ. అరుస్తూనే ఉంది, తన వేళ్లే జారుతున్నాయి.

"ఓలమ్మో! ఇదేటి, ఎండలో మంచుగడ్డ?" అంటూ పోలయ్య బీడీతో వంగి చూశాడు.

మంచు భగ్గుమంది!

మంట ఆరాక పడవలో మిగిలింది గుప్పెడు నీళ్లు. అందులో చలమ్మ, ఎవరూ లేని చోటు చుట్టూ చేతులు చాచుకుని.

అప్పటినుంచే సముద్రం అడుగున మంచు తనకు సరిపడిన మంటగాలిని చూసి గుండెల్లో దాచుకుంటుంది. పైకి తెచ్చి నిప్పు చూపిస్తే, మంచు కూడా మండుతుంది.